పసుపు మరకది తప్పు కాదు, మసక కాపీది తప్పు

నారాయణఖేడ్ నుంచి మాట్లాడుతున్నాను. మా జిరాక్స్ షాపులోనే కూర్చొని రికార్డు చేస్తున్నా. మధ్యలో కరెంటు పోతే ఇన్వర్టర్ కూత వినిపిస్తుంది, ఏమనుకోవద్దు.

ఈసారి విషయం బార్‌కోడ్. ఒక కాగితాన్ని ఫ్యాక్స్ చేస్తాం, జిరాక్స్ తీస్తాం, వాట్సాప్‌లో పంపిస్తాం. అక్షరాలన్నీ చక్కగా కనిపిస్తాయి, ఫోటో కనిపిస్తుంది, స్టాంపు కనిపిస్తుంది. దాని మీదున్న బార్‌కోడ్ గానీ క్యూఆర్ కోడ్ గానీ మాత్రం స్కానర్ చదవదు. ఎందుకు? "మిషన్ మంచిగ లేదు" అనో, "సర్వర్ డౌన్" అనో చెప్పి పంపేస్తారు. చాలాసార్లు మిషన్ మంచిగానే ఉంటుంది. కాగితం అక్కడిదాకా వచ్చిన దారిలోనే గడబిడ జరిగి ఉంటుంది.

దీని గురించి చెప్పాలని ఎందుకు అనిపించిందో ముందు చెప్తాను. అడ్మిషన్ల రోజులు. సాయంత్రం షట్టర్ దించే టైముకి ఒక అక్క వచ్చింది, దగ్గరి తండా నుంచి. వెంట బిడ్డ ఉంది, ఇంటర్ పాసైన పిల్ల. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఆధార్ ప్రింటు. పొద్దున్నే బస్సెక్కి ఒక ఆఫీసుకి పోయారట. అక్కడ ఫోనుతో ఆధార్ మీది క్యూఆర్ స్కాన్ చేశారు. మూడుసార్లు చేశారు, చదవలేదు. కౌంటర్ దగ్గర ఉన్నాయన కాగితం తిప్పి చూసి "దీనికి పసుపు పూస్తే ఎట్ల చదువుతదమ్మా, కొత్తది తీస్కోని రా" అన్నాడట. మర్నాడే ఆఖరు తేదీ.

నిజంగానే పసుపు ఉంది. మన ఇళ్లల్లో అలవాటే కదా, మంచి పని మీద పోయే కాగితానికి నాలుగు మూలలా పసుపు పెడతారు. ఆ పెట్టడంలో ఒక వేలు క్యూఆర్ అంచుకి తగిలింది. ఆ అక్క మొహం చూడాలి. "అన్నా, పిల్ల పని నా చేతులతోనే ఖరాబ్ చేసిన" అంది. పిల్ల పక్కన నిలబడి ఏం మాట్లాడటం లేదు. ఆ మౌనం ఇంకా కష్టంగా ఉంది.

నేను కాగితం చేతిలోకి తీసుకొని చూశాను. పసుపు సంగతి తర్వాత. క్యూఆర్ దగ్గర గడులే లేవు! దూరం నుంచి నల్లగా, చదరంగా ఉంది గానీ దగ్గర పెట్టుకొని చూస్తే బూడిద రంగు ముద్ద. "ఇది ఎక్కడ ప్రింట్ తీసిన్రు?" అని అడిగితే అసలు కథ బయటికొచ్చింది. హైదరాబాద్‌లో పనిచేసే అన్న ఈ-ఆధార్ డౌన్‌లోడ్ చేశాడు. ఆ ఫైలుకి పాస్‌వర్డ్ ఉంటుంది, చెల్లెకి తెరవడం రాదేమోనని తనే తెరిచి, ఫోన్‌లో స్క్రీన్‌షాట్ కొట్టి, వాట్సాప్‌లో బాబాయికి పంపాడు. బాబాయి ఇంకో ఊళ్లో షాపుకి పంపాడు. అక్కడ దాన్నే సాగదీసి పేజీ నిండా ప్రింట్ తీశారు. అంటే మన చేతికొచ్చింది ఆధార్ కాదు. ఆధార్ ఫోటోకి ఫోటో.

ఇక్కడ ఆగి అసలు విషయం చెప్పాలి. బార్‌కోడ్ బొమ్మ కాదండీ, కొలత. పాత పెళ్లి ఫోటో ఎంత మసకబారినా పెళ్లికూతురు ఎవరో ఇంట్లోవాళ్లు గుర్తుపడతారు. అక్షరం సగం చెరిగినా పక్క అక్షరాలను బట్టి చదువుకుంటాం. స్కానర్‌కి ఆ తెలివి లేదు. అది గీత ఎంత లావుంది, పక్కన సందు ఎంత వెడల్పుంది అని మాత్రమే కొలుస్తుంది. పార్సిళ్ల మీద ఎక్కువగా కనిపించే కోడ్ 128 అనే రకం తీసుకోండి. అందులో ఒక్కో అక్షరానికి మూడు నల్లగీతలు, మూడు తెల్లసందులు. అన్నీ కలిపితే పదకొండు పాళ్లు. ఒక్కో గీత ఒక పాలు ఉండొచ్చు, రెండు, మూడు, నాలుగు ఉండొచ్చు. ఒక పాలు గీత కాస్త ఒత్తుగా పడి రెండు పాళ్ల గీతలా కనిపించిందా, అక్షరమే మారిపోతుంది. మారిన సంగతి పట్టుకోవడానికి చివర్లో ఒక తనిఖీ అంకె ఉంటుంది, లెక్క కుదరకపోతే స్కానర్ నోరు మూసుకుంటుంది. ఒక రకంగా అదే మంచిది. తప్పు చదవడం కంటే చదవకపోవడం మేలు కదా.

ఈ గీతల ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే తర్వాత చెప్పేది సులువుగా అర్థమవుతుంది. అమెరికాలో నార్మన్ జోసెఫ్ వుడ్‌లాండ్ అనే ఆయన మయామీ సముద్రపు ఒడ్డున ఇసుకలో కూర్చొని మోర్స్ కోడ్ గురించి ఆలోచిస్తున్నాడు. టెలిగ్రాఫ్‌లో వాడే చుక్కలూ గీతలూ. వాటిని వేళ్లతో ఇసుకలో కిందికి లాగితే సన్నగీతలూ లావుగీతలూ వచ్చాయి. బెర్నార్డ్ సిల్వర్‌తో కలిసి దానికి 1952లో పేటెంట్ సంపాదించాడు. దుకాణంలో మొదటిసారి బీప్ అన్నది 1974 జూన్ 26న, ఒహాయో రాష్ట్రంలో ట్రాయ్ అనే ఊళ్లో, ఒక చూయింగ్ గమ్ ప్యాకెట్ మీద.

గమనించండి, గీతని కిందికి లాగాడు. సమాచారం అంతా అడ్డంగా, ఎడమ నుంచి కుడికి ఉంది. ఎత్తులో కొత్త సమాచారం ఏమీ లేదు. అదే మాటని మళ్లీ మళ్లీ చెప్పినట్టు. మరి ఆ ఎత్తు దేనికి? పైన చిరిగితే కింద చదువుకోవడానికి. ఈ ఒక్క సంగతి గుర్తుంటే ఫ్యాక్స్‌లో, జిరాక్స్‌లో ఏం జరుగుతుందో మీరే చెప్పేస్తారు.

ముందు ఫ్యాక్స్. కుర్రవాళ్లకి తెలియదు గానీ ఖేడ్‌లో ఎస్టీడీ బూత్‌లు నడిచిన రోజుల్లో నేను ఒకదాంట్లో పనిచేశాను. పసుపు బోర్డు, అద్దాల గది, గోడ మీద ఎర్ర అంకెల మీటరు. పక్కన ఫ్యాక్స్ మిషన్. లారీ ఆఫీసు వాళ్లు సరుకు కాగితాలు పంపమని వచ్చేవాళ్లు. అవతలి నుంచి ఫోన్ వచ్చేది, "అన్నీ కనవడుతున్నయ్ గని ఆ గీతలు మిషన్ తీస్కుంటలేదు, మళ్ల పంపు" అని. మళ్లీ పంపేవాణ్ని, మళ్లీ డబ్బులు. ఒకరోజు విసుగొచ్చి కాగితాన్ని తొంభై డిగ్రీలు తిప్పి, అడ్డంగా పెట్టి పంపాను. వాళ్లకి చదివింది! అప్పుడు ఎందుకో తెలియదు, ఏదో గాలివాటం అనుకున్నాను.

గాలివాటం కాదు. 1980లో వచ్చిన గ్రూప్ 3 ఫ్యాక్స్ ప్రమాణం ప్రకారం మామూలు మోడ్‌లో కాగితాన్ని అడ్డంగా అంగుళానికి 204 చుక్కలుగా, నిలువుగా మాత్రం 98 వరసలుగానే తీసుకుంటుంది. అంటే అడ్డం ఒక మిల్లీమీటరుకి 8 చుక్కలు, నిలువు 4 కూడా పూర్తిగా రావు. ఇప్పుడు మూడోవంతు మిల్లీమీటరు సన్నగీత ఉందనుకోండి. గీతలు నిలువుగా నిలబడి ఉంటే, కొలవాల్సింది అడ్డంగా కాబట్టి, ఆ గీతకి రెండున్నర చుక్కల పైన దొరుకుతాయి. ఏదో నెట్టుకొస్తుంది. అదే కోడ్ పక్కకి పడుకొని నిచ్చెన మెట్లలా ఉంటే గీతకి దక్కేది ఒకటింపావు వరస. పావు వరస అనేది ఫ్యాక్స్‌లో ఉండదు. నలుపో తెలుపో రెండే. కాబట్టి ఒక గీత ఒక వరస అవుతుంది, దాని పక్కనున్న అంతే లావు గీత రెండు వరసలు అవుతుంది. కొలత ఖతం. ఫైన్ మోడ్ నొక్కితే నిలువు కూడా 196 అవుతుంది. ఆ బటన్ మిషన్ మీద ఉండనే ఉంది, పేజీ పంపడానికి ఎక్కువ సేపు పడుతుందని మేమే నొక్కేవాళ్లం కాదు.

ఇంకోటి. లైన్‌లో గరగర వచ్చినప్పుడు ఫ్యాక్స్‌లో అడ్డంగా ఒక చార చెడిపోతుంది. నిలువుగీతల కోడ్‌కి దానివల్ల పెద్ద నష్టం లేదు, ఆ చార పైనా కిందా అదే సమాచారం మళ్లీ ఉంది. నిచ్చెనలా పడుకున్న కోడ్‌కి అదే చార మీద ఒక మెట్టు మొత్తం పోతుంది.

జిరాక్స్ మిషన్‌లో ఇది తిరగబడుతుంది, అందుకే మా షాపుల వాళ్లం కూడా పొరబడతాం. పైన ఫీడర్‌లో కాగితాలు పెడితే అవి ఒక సన్నటి అద్దం పట్టీ మీదుగా జారుతూ పోతాయి. ఆ పట్టీ మీద చిన్న తెల్లసిరా చుక్క, గమ్ చుక్క అంటుకుంటే, ప్రతి కాపీ మీదా కాగితం నడిచిన దారి పొడుగునా ఒక సన్నటి నల్లగీత పడుతుంది. పై నుంచి కింది దాకా. అది నిలువుగీతల బార్‌కోడ్ గుండా పోయిందా, కోడ్‌లో లేని కొత్త గీత ఒకటి చేరింది. ఏ ఎత్తులో చదివినా అది ఉంటుంది, తప్పించుకునే దారే లేదు. మనిషి కంటికి అది ఇంకో గీత, అంతే. ముప్పై గీతల్లో ముప్పై ఒకటోది ఎవరు చూస్తారు? కోడ్ ఉన్న కాగితాన్ని ఫీడర్‌లో వేయకుండా మూత తీసి అద్దం మీద పెట్టి తీయండి. రెండు సెకన్లు ఎక్కువ పడుతుంది.

జిరాక్స్‌కి జిరాక్స్ తీస్తే ఏమవుతుందో అందరూ చూసిందే. నలుపు కొంచెం ఉబ్బుతుంది, సందులు మూసుకుపోతాయి. "డార్క్ పెట్టు అన్నా, మంచిగ కనపడాలె" అని అడుగుతారు. అక్షరాలకి మంచిదే. కోడ్‌కి మాత్రం సందు కూడా గీత అంత విలువైనది. డార్క్ పెడితే సందుని చంపినట్టే.

సరే, క్యూఆర్ దగ్గరికొద్దాం. పసుపు కేసు ఇక్కడే ఉంది.

క్యూఆర్‌ని 1994లో జపాన్‌లో డెన్సో కంపెనీలో మాసాహిరో హారా బృందం తయారుచేసింది, కార్ల విడిభాగాల లెక్క కోసం. ఫ్యాక్టరీ అంటే నూనె మరకలు, మసి, చిరుగులు ఉంటాయి. అందుకని కొంత భాగం పాడైనా చదవగలిగేలా కట్టారు. నాలుగు స్థాయిలున్నాయి. సుమారు 7 శాతం, 15 శాతం, 25 శాతం, 30 శాతం దాకా పోయినా లెక్క వేసి పోయినదాన్ని తిరిగి రాబట్టుకుంటుంది. దీని వెనకున్న గణితం 1960లో ఇర్వింగ్ రీడ్, గుస్తావ్ సోలమన్ రాసింది. మన పాలవాడి లెక్క లాంటిదే అనుకోండి. నెల చివర రోజువారీ అంకెల్లో ఒకటి చెరిగిపోయినా మొత్తం తెలిస్తే పోయింది ఎంతో రాబట్టొచ్చు. అసలు గణితం ఇంకా చాలా లోతు, ఉదాహరణకి ఇది చాలు.

అయితే మరక వేరు, మసక వేరు. మరక ఒక చోట పడుతుంది. మిగతా అంతా శుభ్రంగా ఉంటుంది, ఆ శుభ్రంగా ఉన్నదాంతో చెడింది పూడ్చుకుంటుంది. మసక అలా కాదు, ప్రతి గడినీ కొంచెం కొంచెం పాడుచేస్తుంది. సాక్షులందరూ ఒకేసారి "సరిగ్గా గుర్తులేదు సారూ" అన్నట్టు. ఎవరి మాట పట్టుకొని ఎవరిది సరిచేయాలి? ఇంకా చెప్పాలంటే పచ్చటి పసుపు మరక పలచగా ఉంటే కెమెరాకి దాదాపు తెలుపే, దాని కింద ఉన్న నల్లగడులు నల్లగానే కనిపిస్తాయి. మూడు మూలల్లో పెద్ద చదరాలు ఉంటాయి చూడండి, వాటిని పట్టుకొనే స్కానర్ కోడ్ ఎక్కడుందో కనుక్కుంటుంది. వాటిని ముద్దగా కప్పేస్తే మాత్రం మరకతోనైనా ఆగిపోవచ్చు.

ఇప్పుడు వాట్సాప్ లెక్క. మామూలుగా ఫోటోలాగా పంపితే అది బొమ్మని చిన్నది చేసి పంపుతుంది. పొడవు వైపు సుమారు 1600 చుక్కలు మిగిలాయనుకుందాం. ఏ4 కాగితం పొడవు 297 మిల్లీమీటర్లు. అంటే మిల్లీమీటరుకి అయిదు చుక్కల పైచిలుకు. మూడు సెంటీమీటర్ల క్యూఆర్‌కి అడ్డంగా 160 చుక్కలు వచ్చాయి. కిరాణా షాపులో ఫోన్‌పే బోర్డు లాంటి క్యూఆర్ అయితే వరసకి 40 గడులు అటూ ఇటూ ఉంటాయి, ఒక్కో గడికి నాలుగు చుక్కలు, హాయిగా చదువుతుంది. ఆధార్ క్యూఆర్ అలా కాదు. 2018 నుంచి వస్తున్న దాంట్లో పేరు, చిరునామానే కాదు, చిన్న ఫోటో, పైన డిజిటల్ సంతకం కూడా ఉంటాయి. ఇంటర్నెట్ లేకపోయినా అసలుదో కాదో తేలాలని అలా పెట్టారు. అన్ని విషయాలు కుక్కితే వరసకి వంద గడులు దాటతాయి. 160 చుక్కల్లో వందకి పైగా గడులు. గడికి ఒకటిన్నర చుక్క కూడా లేదు. నలుపూ తెలుపూ కలిసి బూడిద అయిపోక ఏం చేస్తుంది?

దాని మీద ఇంకో దెబ్బ, జేపెగ్. ఫోటోని ఎనిమిదికి ఎనిమిది చుక్కల ముక్కలుగా కోసి, కంటికి పెద్దగా తెలియని సన్నటి మార్పులని వదిలేస్తుంది. మొహానికి, చెట్టుకి అది బాగానే ఉంటుంది. క్యూఆర్ నిండా ఉన్నవే సన్నటి మార్పులు. ప్రతిసారి డౌన్‌లోడ్ చేసి, క్రాప్ చేసి, మళ్లీ పంపితే ఇంకొంచెం పోతుంది. దాన్ని సాగదీసి పెద్దగా ప్రింట్ తీస్తే పోయింది తిరిగి రాదు, ముద్ద పెద్దదవుతుంది అంతే.

ఆ సాయంత్రం ఏం చేశామంటే, హైదరాబాద్‌లో ఉన్న అన్నకి ఫోన్ చేశాం. స్క్రీన్‌షాట్ వద్దు, అసలు పీడీఎఫ్‌నే వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపమని చెప్పాను. డాక్యుమెంట్‌గా పంపితే ఫైలు ఉన్నది ఉన్నట్టు వస్తుంది, చిన్నది కాదు. పాస్‌వర్డ్ పేరులోని మొదటి నాలుగు ఇంగ్లీషు పెద్దక్షరాలు, పుట్టిన సంవత్సరం. పిల్లే టైప్ చేసింది. ప్రింట్ తీసి ఫోన్‌తో స్కాన్ చేస్తే వెంటనే పేరు, ఫోటో వచ్చాయి.

అక్కకి నమ్మకం కుదరలేదు. "గిది పసుపు లేదు గనుక చదివింది" అంది. న్యాయమైన అనుమానమే. ఇంకో కాపీ తీసి, ఇంట్లో నుంచి పసుపు తెప్పించి, ఆమె చేతనే క్యూఆర్ మీద, నడిమధ్యలో వేలితో రాయించాను. వద్దు వద్దంటూనే రాసింది. స్కాన్ చేశాం. చదివింది. అదే ఇప్పుడు మీకు వీడియోలో చూపించింది, ఎడమ పక్క పసుపున్న అసలు ప్రింటు, కుడి పక్క పసుపు లేని స్క్రీన్‌షాట్ ప్రింటు. రెండూ నమూనా కోడ్‌లే, ఎవరి ఆధారూ కాదు. పసుపున్నది చదివింది, తెల్లగా ఉన్నది చదవలేదు. ఆ పిల్ల అప్పుడు మొదటిసారి నవ్వింది. మర్నాడు పని అయిందని ఫోన్ చేసి చెప్పింది. కౌంటర్ దగ్గర ఉన్నాయనని కూడా నేను పెద్దగా తప్పుపట్టను. ఎదురుగా పసుపు కనిపిస్తోంది, మసక కనిపించడం లేదు. కనిపించిన దాని మీదే నింద వేశాడు. కాకపోతే ఒక తల్లి రాత్రంతా ఆ నింద మోసి ఉండేది.

షాపుల వాళ్లకి రెండు మాటలు. కార్డు సైజుకి కత్తిరించి లామినేషన్ చేసేటప్పుడు క్యూఆర్ అంచుని రాసుకుంటూ కత్తెర వేయొద్దు. కోడ్ చుట్టూ నాలుగు గడుల వెడల్పు తెల్లజాగా ఉండాలి, అది అందం కోసం వదిలింది కాదు. గీతల కోడ్‌కి రెండు పక్కలా సన్నగీతకి పదింతల జాగా కావాలి. లామినేషన్ మెరుపు మీద ట్యూబ్‌లైట్ పడితే కూడా చదవదు, కొంచెం వంచి పట్టుకోమని చెప్పండి. ప్రింట్ కొట్టేటప్పుడు "పేజీకి సరిపెట్టు" అనేది తీసేసి వంద శాతంలోనే కొట్టండి. టోనర్ అయిపోవస్తుంటే ఊపి ఊపి నడిపిస్తాం, నేనూ చేస్తాను. కోడ్ ఉన్న కాగితం మాత్రం ఆ పూట ఆపండి. ఇచ్చే ముందు మీ ఫోన్‌తో ఒకసారి స్కాన్ చేసి చూడండి. కస్టమర్ ఎదుటే చెయ్యండి, వాళ్ల వివరాలు మీ ఫోన్‌లో దాచుకోవద్దు. పని కాగానే వాళ్ల పీడీఎఫ్ కూడా మన కంప్యూటర్‌లో నుంచి తీసేయాలి. ఇది నేను కూడా మొదట్లో చేసేవాణ్ని కాదు.

స్పీడ్ పోస్ట్ రసీదు లాంటి వాటికి ఒక వెసులుబాటు ఉంది. గీతల కింద పదమూడు అక్షరాల నంబరు ఉంటుంది, మొదట రెండు అక్షరాలు, చివర ఐఎన్. గీతలు చెడినా నంబరు టైప్ చేస్తే సరిపోతుంది. తొందరలో ఒక అంకె తప్పు కొట్టినా తొమ్మిది అంకెల్లో చివరిది తనిఖీ అంకె కాబట్టి చాలావరకు పట్టుబడుతుంది. ఆధార్ క్యూఆర్‌కి అలా టైప్ చేసుకునే దారి లేదు. లోపల ఉన్నది కింద రాయాలంటే పేజీలు కావాలి. అందుకే దాని విషయంలో ఫైలుని ఫైలుగానే పంపాలి.

ఇంకా రసీదుల సంగతి ఉంది. ఆ మెత్తటి థర్మల్ కాగితం ఎండకి, వేడికి ఎలా నల్లబడుతుంది, ప్లాస్టిక్ కవర్లో పెడితే అక్షరాలు ఎందుకు ఎగిరిపోతాయి అని ఒకాయన అడిగారు. అది ఇందులో కలిపితే పొడుగవుతుంది, వచ్చేసారి చూద్దాం. కరెంటు పోయింది, ఇన్వర్టర్ కూత వినిపిస్తోంది కదా. ఉంటానండీ, నమస్కారం.